గైడు వెంట చారిత్రక ప్రార్థనా స్థలాన్ని చూడటం ఎలా?

వందల ఏళ్ల నాటి గుడికో, మసీదుకో, చర్చికో వెళ్లినప్పుడు చాలామంది అనుభవం ఒకేలా ఉంటుంది. గైడు ముందు నడుస్తారు, చెయ్యి చూపిస్తారు, అందరి తలలూ అటు తిరుగుతాయి, ఫోన్లు పైకి లేస్తాయి, మళ్లీ నడక మొదలవుతుంది. గంటన్నరలో అంతా అయిపోతుంది. వారం తర్వాత ఎవరైనా అడిగితే ఒక రాజు పేరు, ఒక శిల్పి కథ, ఏదో ఒక వింత చెప్పగలుగుతాం. లోపలికి వెలుతురు ఎటు నుంచి వచ్చిందో, ఆనాటి భక్తులు ఏ దారిన నడిచారో, గోడ మీది బొమ్మలు ఏ వరుసలో సాగాయో చెప్పలేం. విన్నాం గానీ చూడలేదన్నమాట.

ఇందులో గైడు తప్పేమీ లేదు. కథలు పుస్తకాల్లోనూ దొరుకుతాయి. ఏ వేళప్పుడు, ఏ గోడకు ఎంత దూరంలో నిలబడితే ఏం కనిపిస్తుందో మాత్రం రోజూ అక్కడ తిరిగే మనిషికే తెలుస్తుంది. గైడు దగ్గర మనం అడిగి తీసుకోవలసింది ఆ చూపు. అది దొరకాలంటే మన వైపు నుంచి కొంత సన్నాహం ఉండాలి.

1. ముందురోజు అరగంట చదవండి, ఒక గీత గీయండి

అంతా చదివి వెళ్లనక్కర్లేదు. నిజానికి మరీ ఎక్కువ చదివితే గైడు మాట మీద ధ్యాస నిలవదు. మూడు సంగతులు తెలిస్తే చాలు: కట్టడం ఎప్పటిది, ఎవరి ఆరాధన కోసం కట్టారు, ఇప్పుడు అక్కడ ఎవరి ఆరాధన జరుగుతోంది. ఈ రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ జవాబులు చాలాచోట్ల వేరుగా ఉంటాయి. ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియానే తీసుకోండి. 537లో చర్చిగా పూర్తయింది. 1453లో మసీదు అయింది. 1934లో మ్యూజియంగా మార్చాలని నిర్ణయించారు. 2020లో మళ్లీ మసీదు అయింది. ఈ నాలుగు మలుపులు మనసులో ఉంటే, మేరీమాత మొజాయిక్ చిత్రానికి దగ్గరలోనే అరబిక్ అక్షరాల పెద్ద ఫలకాలు ఎందుకు వేలాడుతున్నాయో మొదటి చూపులోనే అర్థమవుతుంది. లేకపోతే గైడు చెప్పేదాంట్లో సగం ఆ చిక్కు విప్పడానికే సరిపోతుంది. కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ కూడా అంతే. 12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఆలయం అది, తర్వాత బౌద్ధుల చేతికి వచ్చింది.

ఇక గీత. కట్టడం నమూనా చిత్రం ఏదైనా చూసి, కాగితం మీద మీ చేత్తోనే దాని ఆకారం గీయండి. బాగా రానక్కర్లేదు. వాకిలి ఎక్కడ, గర్భగుడి లేదా బలిపీఠం లేదా మిహ్రాబ్ (మసీదు గోడలో ప్రార్థన దిక్కును చూపే గూడు) ఎక్కడ, నడిచే దారి ఎక్కడ అన్నవి గుర్తిస్తే చాలు. ఉత్తర దిక్కు తప్పకుండా వేయండి. ప్రార్థనా స్థలాల్లో దిక్కుకు చాలా అర్థం ఉంటుంది. మసీదులో మిహ్రాబ్ మక్కా వైపు ఉంటుంది. పాత చర్చిల్లో బలిపీఠం ఎక్కువగా తూర్పు కొసన ఉంటుంది. హిందూ ఆలయాలు ఎక్కువగా తూర్పు ముఖంగా ఉంటాయి. అంగ్‌కోర్ వాట్ మాత్రం పడమర ముఖంగా ఉంటుంది. ఎందుకని మీకే ప్రశ్న పుడుతుంది. అలాంటి ఒక్క ప్రశ్నతో గైడు ముందు నిలబడటం, ఏమీ తెలియకుండా నిలబడటం ఒకటి కావు.

2. వేళ ఎంచుకోండి

శిల్పం చూడటానికి మంచి వెలుతురు ఏటవాలు వెలుతురు. ఉదయం, సాయంత్రం ఎండ పక్కనుంచి గోడను తాకినప్పుడు చెక్కడంలోని లోతుల్లో నీడ నిలుస్తుంది, బొమ్మ లేచి వస్తుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అదే గోడ చదునుగా, నిర్జీవంగా కనిపిస్తుంది. కాబట్టి తూర్పు ముఖంగా ఉన్న కట్టడం ముందుభాగాన్ని పొద్దున, పడమర ముఖంగా ఉన్నదాన్ని మధ్యాహ్నం దాటాక చూడండి. రంగుటద్దాల కిటికీలున్న చర్చిలో లెక్క వేరు. అక్కడ సూర్యుడు ఏ వైపు ఉంటే ఆ వైపు కిటికీలు వెలుగుతాయి.

ఆరాధన వేళలు కూడా ముందే కనుక్కోండి. శుక్రవారం మధ్యాహ్నం మసీదులో, ఆదివారం ఉదయం చర్చిలో సందర్శకులను లోపలికి రానివ్వకపోవచ్చు. చాలా ఆలయాలు మధ్యాహ్నం మూసివేస్తారు. పండుగ రోజున కట్టడం జీవంతో ఉంటుంది నిజమే, కానీ గైడుతో తీరిగ్గా చూడటానికి ఆ రోజు కుదరదు. రెండూ కావాలంటే రెండుసార్లు వెళ్లాలి.

3. ఒంటి మీదివి, సంచిలోవి

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుంటే దాదాపు ఎక్కడైనా ఇబ్బంది రాదు. తలమీద కప్పుకోవడానికి ఒక పలుచని గుడ్డ సంచిలో పెట్టుకోండి. చెప్పులు విడవాల్సిన చోట్ల మధ్యాహ్నపు రాతి నేల కాళ్లు కాలుస్తుంది, మేజోళ్లు ఉంటే మంచిది. ఇండోనేషియాలోని బోరోబుదూర్ స్తూపం మెట్లు అరగకుండా ఉండటానికి పైకెక్కేవారికి మెత్తని ప్రత్యేక చెప్పులు ఇస్తారు, గైడు లేకుండా పైకి పోనివ్వరు. ఎక్కడికి వెళ్లినా ఆ చోటి నియమాలు ముందే చూసుకోండి.

నా మటుకు అన్నిటికన్నా పనికొచ్చేది చిన్న బైనాక్యులర్. శిఖరం మీది శిల్పం, పైకప్పు మీది చిత్రం, కిటికీ కొసన ఉన్న అద్దం ముక్క మామూలు కంటికి మరకల్లా ఉంటాయి. వాటిని చెక్కినవాళ్లు, అతికినవాళ్లు కింది వరుసకు పెట్టిన శ్రమే పైవరుసకూ పెట్టారు. దాన్ని చూడకుండా రావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

4. గైడును ఎంచుకోవడం

వాకిలి దగ్గర నలుగురైదుగురు ఒకేసారి పలకరిస్తే తొందరపడకండి. అధికారిక గుర్తింపు కార్డు ఉందేమో అడగండి. ఎంతసేపు చూపిస్తారు, ఏ భాషలో చెబుతారు, లోపలికి కూడా వస్తారా, ఎంత ఇవ్వాలి అన్నవి నడక మొదలుపెట్టకముందే తేల్చుకోండి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: “ఈ కట్టడంలో మీకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఏది?” కొందరు వెంటనే ప్రసిద్ధమైనది చెబుతారు. కొందరు ఒక్క క్షణం ఆగి, ఏ మూలనో ఉన్న చిన్న బొమ్మ సంగతి ఎత్తుతారు. ఆ రెండోవారి వెంట వెళ్లండి. కట్టడాన్ని ప్రేమించే మనిషి అక్కడే తెలిసిపోతారు.

ఫ్రాన్స్‌లోని చార్ట్రెస్ కేథడ్రల్‌లో మాల్కమ్ మిల్లర్ అనే గైడు 1958లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు ఒకే కట్టడాన్ని జనానికి చూపించారు. అక్కడి మధ్యయుగపు రంగుటద్దాల కిటికీలను పుస్తకంలా చదవడం ఆయన నేర్పేవారు. చాలా కిటికీల్లో కథ కింది నుంచి పైకి సాగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియని సందర్శకులు పైనుంచి చూడటం మొదలుపెట్టి, ఏమీ అర్థం కాక అద్దాల రంగులు మాత్రమే మెచ్చుకుని వెళ్లిపోతారు. మంచి గైడు ఇచ్చేది ఇలాంటి తాళంచెవి.

గుంపు ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇరుకు మండపంలో ఇరవై మంది నిలబడితే వెనకవారికి ముందువారి వీపులే దర్శనం. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ లాంటి చోట్ల నిశ్శబ్దం పాటించాలి కాబట్టి, గైడ్లు చిత్రాల వివరం బయటే చెప్పి లోపలికి పంపుతారు. అలాంటప్పుడు బయట చెప్పేదాన్ని శ్రద్ధగా వినకపోతే లోపల తల ఎత్తి చూడటం తప్ప ఇంకేమీ మిగలదు. గైడు దొరకనప్పుడు ఆడియో గైడు తీసుకోండి, కానీ దాన్ని ఆపి ఆపి వినండి. అది మీ కోసం ఆగదు.

5. లోపలికి వెళ్లే ముందు చుట్టూ ఒకసారి

గైడును అడగవలసిన మొదటి ప్రశ్న “ఎవరు కట్టారు?” అన్నది కాదు. “ఎటు నుంచి మొదలుపెట్టాలి?” అని అడగండి. ప్రార్థనా స్థలాలు కదలకుండా నిలబడి చూసేందుకు కట్టినవి కావు, నడిచేందుకు కట్టినవి. ఆ నడక దారి రాతిలోనే ఉంటుంది.

బోరోబుదూర్ దీనికి గొప్ప ఉదాహరణ. కింద ఆరు చతురస్రపు అంతస్తులు, వాటిపైన మూడు వలయాలు, నట్టనడుమ పెద్ద స్తూపం. గోడల మీద మొత్తం 2,672 శిల్ప ఫలకాలు ఉన్నాయి, వాటిలో 1,460 కథలు చెప్పేవి. కథలు తూర్పు మెట్ల దగ్గర మొదలై ప్రదక్షిణ దారిలో సాగుతాయి. కట్టడాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడిస్తే కథ ముందుకు జరుగుతుంది, ఎదురు దిశలో నడిస్తే వెనక్కి పోతుంది. కింది అంతస్తుల్లో గోడల నిండా మనుషులు, ఓడలు, చెట్లు, ఊరేగింపులు. పై వలయాలకు చేరేసరికి గోడలు లేవు, బొమ్మల కథలు లేవు, ఆకాశం కింద జల్లెడ కన్నాల స్తూపాలు 72, వాటిలో కూర్చున్న బుద్ధులు. సందడి నుంచి నిశ్శబ్దానికి మనల్ని నడిపించుకుపోయే ఏర్పాటు అది. ఫోటో కోసం తిన్నగా మెట్లెక్కి పైకి వెళ్లిపోయేవారికి ఆ నిశ్శబ్దం ఉత్త ఖాళీ చోటుగానే మిగులుతుంది, ఎందుకంటే వాళ్లు సందడిలోంచి నడిచి రాలేదు.

అంగ్‌కోర్ వాట్‌లో దీనికి తలకిందులు. పడమటి వాకిట లోపలికి వచ్చి కుడికి తిరిగితే కురుక్షేత్ర యుద్ధం కనిపిస్తుంది. అక్కడి నుంచి ఆలయాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని నడిస్తే దక్షిణపు గోడ మీద సూర్యవర్మ ఊరేగింపు, స్వర్గనరకాలు, ఆ తర్వాత తూర్పు గోడ మీద సుమారు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం వస్తాయి. అంటే అప్రదక్షిణం. అంత్యక్రియల్లో నడిచే దిశ అది. పడమటి ముఖాన్నీ ఈ దిశనూ కలిపి చూసి, రాజు మరణానంతర స్మృతి కోసం కూడా ఈ ఆలయం ఉద్దేశించి ఉంటారని చాలామంది పండితులు భావించారు. మీ కాగితం మీది ఉత్తర దిక్కు ఇప్పుడు పనికొస్తుంది.

ఎల్లోరాలోని 16వ గుహ, అంటే కైలాసనాథ ఆలయం దగ్గర ఈ ప్రశ్న ఇంకోలా అడగండి: “పని ఎటు నుంచి మొదలైంది?” కొండను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. శిఖరం ముందు, పునాది చివర. ఆ మాట విన్నాక కింద ఏనుగుల వరుస దగ్గర నిలబడి తల పైకెత్తండి. మీరు ఇప్పుడు నిలబడిన నేలకు ఆ శిల్పులు అన్నిటికన్నా చివర చేరారు.

6. “ఇది ఎలా తెలిసింది?” అని అడగండి

గైడు చెప్పేదాంట్లో మూడు రకాలుంటాయి. ఒకటి, రాయి చెప్పేది: శాసనం, చెక్కిన తేదీ, కంటికి కనిపించే నిర్మాణం. రెండు, పండితులు ఆధారాలు కలిపి అనుకుంటున్నది. మూడు, జనం తరతరాలుగా చెప్పుకుంటున్నది. మూడూ వినదగినవే. చిక్కల్లా మూడింటినీ ఒకే గొంతుతో చెప్పినప్పుడు, ఒకే చెవితో విన్నప్పుడు వస్తుంది.

పాలంపేటలోని రామప్ప గుడినే చూడండి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దాన్ని కట్టించాడని అక్కడి శాసనమే చెబుతోంది, 1213 నాటి మాట అది. గుడికి శిల్పి రామప్ప పేరు వచ్చిందన్నది జనశ్రుతి. పునాదిలో ఇసుక నింపిన పద్ధతి, శిఖరానికి వాడిన తేలికైన ఇటుకలు పరిశీలనలో తేలిన సంగతులు. ఈ మూడింటినీ వేరుచేసి వింటే గుడి విలువ తగ్గదు, పెరుగుతుంది. సేనాని పేరు శాసనంలో నిలిచింది, శిల్పి పేరును జనం నోటితో నిలుపుకున్నారు. ఆ రెండు జ్ఞాపకాలూ ఒకే గుడిలో ఉన్నాయని తెలిసి మదనికల (చూరు కింద అమర్చిన స్త్రీ శిల్పాల) కింద నిలబడటం ఎంత నిండైన అనుభవమో చెప్పలేను.

కొన్ని మాటలను అక్కడికక్కడే కంటితో తేల్చుకోవచ్చు. తంజావూరు బృహదీశ్వరాలయ విమానం (గర్భగుడి మీది శిఖరం) నీడ నేల మీద పడదని చాలామంది చెబుతారు. పడుతుంది. సాయంత్రం వేళ వెళ్లి చూడండి. రాజరాజ చోళుని కాలంలో 1010లో పూర్తయిన ఆ ఆలయానికి ఇలాంటి వింత అవసరమే లేదు. దాని గోడల మీది శాసనాల్లో నాలుగు వందల మంది నర్తకీమణుల పేర్లు, వారికి ఇచ్చిన ఇళ్ల వివరాలు ఉన్నాయి. వెయ్యేళ్ల కిందట ఆ వీధుల్లో బతికిన ఆడవాళ్ల పేర్లు రాతి మీద ఉండగా, నీడ గురించి మాట్లాడుకుంటూ దాటిపోవడం నాకు బాధగా ఉంటుంది. “ఆ పేర్లు ఏ గోడ మీద ఉన్నాయి, చూపిస్తారా?” అని గైడును అడగండి.

అడిగే తీరు ముఖ్యం. “అది అబద్ధం కదా” అంటే ఎవరైనా నొచ్చుకుంటారు. “ఇది శాసనంలో ఉందా, స్థలపురాణమా?” అని అడిగితే మంచి గైడు ముఖం విప్పారుతుంది. అంత శ్రద్ధగా వినేవారు గైడుకూ రోజూ దొరకరు. కోణార్క్‌లో, ఆలయ కలశం నిలిపాడని చెప్పుకునే పన్నెండేళ్ల ధర్మపదుడి కథ చెప్పినప్పుడు అడ్డుపడకండి, పూర్తిగా వినండి. ఆ కథలో ఒడిశా ప్రజల గుండె ఉంది. కథ అయ్యాక, ముందు మండపం లోపల ఇసుక ఎందుకు నింపారని అడగండి. కూలిపోకుండా ఆపడానికి 1903లో దాన్ని ఇసుకతో నింపి మూసేశారు. కథకూ చరిత్రకూ రెండింటికీ చోటు దొరుకుతుంది.

7. రెండు నిమిషాలు మాట లేకుండా

ముఖ్యమైన చోటికి చేరగానే గైడును మర్యాదగా కోరండి: “ముందు రెండు నిమిషాలు మేమే చూస్తాం, తర్వాత మీరు చెప్పండి.” చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఆ రెండు నిమిషాల్లో శిల్పంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఎవరు పెద్దగా ఉన్నారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు ఎటు చూస్తున్నారు? మీకు తోచింది తప్పైనా ఫర్వాలేదు. సొంతంగా ఒకసారి వెతికి చూసిన తర్వాత విన్న వివరం మనసులో నాటుకుంటుంది.

తర్వాత అడగదగిన ప్రశ్నలు రెండు. మొదటిది: “ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చిన మనిషి ఈ చోట ఏం చేసేవాడు?” అప్పుడు రంగమండపం నడుమనున్న గుండ్రటి రాతి తిన్నె ఉత్త తిన్నెగా ఉండదు. రెండోది: “ఇందులో మరమ్మతు చేసింది ఏది?” పాత కట్టడాలు కూలుతూ, లేస్తూ మన దాకా వచ్చాయి. హగియా సోఫియా గుమ్మటం 558లో కూలింది, తర్వాత కొన్నేళ్లకు మునుపటి కన్నా ఎత్తుగా మళ్లీ లేపారు. బోరోబుదూర్ చతురస్రపు అంతస్తులను 1975-1982 నడుమ రాయి రాయి విప్పి, నీరు పోయే దారులు అమర్చి, తిరిగి పేర్చారు. స్పెయిన్‌లోని కార్డోవాలో 8వ శతాబ్దంలో మొదలైన మసీదు నడుమ 16వ శతాబ్దపు కేథడ్రల్ లేచింది. రెండు కాలాలు కలిసే అతుకు ఎక్కడుందో చూపించమనండి. రాయి రంగు మారిన చోట, చెక్కడం తీరు మారిన చోట మీ కంటికే తెలుస్తుంది.

8. ముట్టుకోకండి, గైడు ముట్టుకోమన్నా సరే

చేతి చెమట, నూనె రాతిని, లోహాన్ని, రంగును మెల్లగా తినేస్తాయి. ఢిల్లీ కుతుబ్ ప్రాంగణంలోని ఇనుప స్తంభాన్ని వీపు ఆనించి కౌగిలిస్తే మంచిదని జనం వరస కట్టేవారు. చివరికి 1997లో దాని చుట్టూ కంచె వేయవలసి వచ్చింది. హంపి విఠలాలయపు సంగీత స్తంభాలను తట్టడం ఇప్పుడు నిషేధం. అయినా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తట్టి వినిపించబోతారు. మీరే “వద్దండీ, నోటితో చెప్పండి చాలు” అనండి. అజంతాలో ఫ్లాష్ వాడకండి, కళ్లు చీకటికి అలవాటు పడే దాకా ఆగండి, రంగులు వాటంతటవే తేలుతాయి. అదే అజంతా 10వ గుహలో 1819లో జాన్ స్మిత్ అనే ఆంగ్ల సైనికాధికారి గీసిన పేరు ఇప్పటికీ ఉంది. ఒక్క నిమిషంలో గీకిన గీత, రెండు వందల ఏళ్లయినా పోలేదు.

ప్రార్థన చేసుకుంటున్న వారి ముందు నుంచి నడవకండి, వారి ఫోటో తీయకండి. ఆ క్షణంలో ఆ స్థలం వారిది, మనం అతిథులం. గైడు గొంతు పెద్దదైతే మెల్లగా చెప్పమని సైగ చేయండి.

పిల్లలు వెంట ఉంటే మొత్తం చూపించాలనుకోకండి. ఏనుగులు లెక్కపెట్టమని పని అప్పగించండి, మీకన్నా ఎక్కువ చూస్తారు.

9. గైడు వెళ్లిపోయాక అరగంట

ఒప్పుకున్న మొత్తం ఇవ్వండి. మనసుకు నచ్చితే ఏది నచ్చిందో పేరుపెట్టి చెప్పండి, “బాగా చెప్పారు” అన్న మాట కన్నా అది ఎక్కువ ఆనందపెడుతుంది. అప్పుడే బయటికి నడవకండి. ఈ అరగంట కోసం ప్రయాణంలో ముందే చోటు ఉంచుకోవాలి.

చూసిన వాటిలో ఒక్క చోటికి ఒంటరిగా తిరిగి వెళ్లండి, అదీ గైడు చూపించిన దానికి కాస్త పక్కన. వారు కుడి స్తంభం చూపిస్తే మీరు ఎడమ స్తంభం దగ్గర కూర్చోండి. నేర్చుకున్న చూపును ఎవరూ చెప్పని రాతి మీద వాడి చూడండి. ఎవరు పెద్దగా ఉన్నారు, చేతిలో ఏముంది, వెలుతురు ఎటునుంచి పడుతోంది, అతుకు ఎక్కడ?

రాత్రికి ఆ కాగితం మళ్లీ తీయండి. ముందురోజు గీసిన గీత మీద మీరు నడిచిన దారిని వేరే రంగుతో గీయండి, ఆగిన చోట్ల చుక్కలు పెట్టండి, ఒక్కో చుక్క పక్కన ఒక్క మాట రాయండి. కొన్ని భాగాల్లో చుక్కలే ఉండవు. ఎప్పుడైనా రెండోసారి వెళ్తే వాకిట్లో గైడుకు ఆ కాగితం చూపించి, ఆ ఖాళీల దగ్గరికే ముందు తీసుకెళ్లమని అడగండి.